మూడో గది మీద మన్ను

జూన్ 2, ఆదివారం

ఈ ఏడు కూడా బడి మిద్దెల మీద చౌడుమన్ను పడింది. రెండు ట్రాక్టర్లు. మూడో గది మిద్దె మీద ఒకటి, నాలుగో గది మీద ఒకటి. పొద్దున ఆరింటికి మొదలుపెట్టి పదకొండుకు ముగించారు. పద్దెనిమిది మంది వచ్చారు, ఎవరూ కూలి అడగలేదు. బడిలో వంట చేసి ఊడ్చే మారక్క చిత్రాన్నం కలిపింది. బిసియూట, అంటే పిల్లల మధ్యాహ్న భోజనం బియ్యంలోంచే. అది ఎక్కడా రాయలేదు.

నేను హెడ్మాస్టరుగా వచ్చిన ఏడు, అంటే పదమూడేళ్ల కింద, ఈ రెండు సిమెంటు గదులూ జల్లెడ మాదిరి కారేవి. రిపేరుకు నాలుగుసార్లు రాశాను. జవాబు లేదు. అప్పుడు ఊర్లో కెంచమ్మ చెప్పింది. "మా మట్టిమిద్దెలు కారతాండాయా? ఏటేటా వానకు ముందర ఇంత చౌడు పోసి దిమ్మిస కొడతాము. బడికీ అట్లే సెయ్యప్పా." చేశాం. అప్పటి నుంచి ఆ గదుల్లో చుక్క పడలేదు. పెంకుల గదులు, ఒకటీ రెండూ, కారుతూనే ఉన్నాయి. పెంకుల మీద మన్ను నిలవదు.

కెంచమ్మకు డెబ్బై దాటాయి. ఈసారి నిచ్చెన ఎక్కలేదు. కింద నిలబడి "ఆ మూల పలచగా ఉండాది, ఇంకో గంప పొయ్యండ్రా" అని కేకలు వేస్తూ ఉండింది.

జూన్ 3, సోమవారం

బడి తెరిచాం. నలి-కలి పిల్లలు, అంటే ఒకటి నుంచి మూడు తరగతుల వాళ్లు, ఇరవై ముగ్గురు. మూడో గది వాళ్లది. నాలుగు నుంచి ఏడు వరకు ముప్పై ఒకరు. మొత్తం యాభై నాలుగు. పోయిన ఏడు అరవై రెండు.

మూడో గది తలుపు పైన చౌకట్టుకు, అంటే ద్వారబంధానికి, రాసుకుంటోంది. కొయ్య ఉబ్బి ఉంటుంది. వడ్రంగిని పిలిచి కొంచెం చెక్కించాను.

జూన్ 14, శుక్రవారం

ఆఫీసు నుంచి కొత్త ఫారం వచ్చింది. పదేళ్ల ప్రణాళిక. ఏ గదికి ఏ ఏడు రిపేరు కావాలో ఇప్పుడే రాసి ఇవ్వాలి. సోలార్ పార్కు పేరుతో ఊర్ల అభివృద్ధికి వచ్చే డబ్బులో ఒక భాగం, డిపార్టుమెంటు డబ్బు ఒక భాగం కలిపి వరుసగా ఇస్తారట. వరుసను తేల్చేది మార్కులు. గది కారుతుందా అనే ప్రశ్నకే నలభై మార్కులు.

ఒకటి, రెండు గదులు కారతాయి. మొదటి ఏడు. మూడో గది కారదు. మూడో ఏడు. నాలుగో గది కారదు, గోడలు కూడా బాగున్నాయి. ఆరో ఏడు.

మూడో గదిలో దూలం కింద గార చెయ్యంత మేర రాలింది. లోపలి ఇనుప కమ్మి తుప్పుపట్టి ఎర్రగా కనబడుతోంది. దానికి ఫారంలో చోటు లేదు. 'ఇతరములు' అని ఒక గీతంత ఉంది. అక్కడ 'చిన్న రిపేరు' అని రాశాను. 'పెద్ద రిపేరు' అని రాస్తే ఆ గదిని వాడకూడదు. వాడకూడని గది లెక్కలోకి రాదు. గదులు తగ్గి, పిల్లలు కూడా తగ్గితే బడిని పక్క ఊరి బడిలో కలిపేస్తారు. ఆ సంగతి ఏ కాగితంలోనూ లేదు. అందరికీ తెలుసు.

రాసినదాంట్లో అబద్ధం లేదు. గార రాలడం చిన్న రిపేరే.

జూన్ 25, మంగళవారం

హెడ్మాస్టర్ల మీటింగు. ఖర్చు లేకుండా మిద్దె కారకుండా ఎట్లా చేశామో నన్ను లేచి చెప్పమన్నారు. చెప్పాను. చప్పట్లు కొట్టారు. ఇద్దరు హెడ్మాస్టర్లు రాసుకున్నారు.

జూలై 9, మంగళవారం

బైలప్ప సోలార్ కంపెనీ వాళ్లను వెంటబెట్టుకుని వచ్చాడు. ఆయన మా బడి కమిటీ అధ్యక్షుడు. నలభై ఎకరాలు ప్యానెళ్ల కింద ఉన్నాయి. బాడుగ డబ్బుతో గ్రానైటు హాలుతో ఇల్లు కట్టాడు. మనవరాలు అక్షత మా దగ్గరే రెండో తరగతి. "అధ్యక్షుని మనవరాలే హొసకోట ప్రైవేటు బడి వ్యాను ఎక్కితే ఊరంతా ఎక్కదా సార్?" అంటాడు. ఆ మాటలో నిజం ఉంది. ఆయన పట్టు వల్లనే ఈ యాభై నలుగురూ నిలిచారు.

కంపెనీ తరఫున వచ్చిన అమ్మాయి, ఒక గదికి రంగులు వేసి పెద్ద టీవీ పెట్టిస్తామంది. ఏ గది బాగుంది అని అడిగితే బైలప్ప మూడో గదికి తీసుకుపోయాడు. "సూడమ్మా, వానాకాలం కూడా పొడి. ఇట్లాంటి గది తాలూకాలోనే లేదు."

దూలం చూపించి, రంగుల బదులు దీన్ని బాగు చేయిస్తారా అని అడిగాను. ఆ అమ్మాయి మర్యాదగానే చెప్పింది. "కట్టడం పని మా పథకంలో రాదు సార్. కంటికి కనబడేది ఏదైనా అడగండి."

బయటికి వచ్చాక బైలప్ప నా భుజం మీద చెయ్యి వేశాడు. "దూలం యాడికి పోతాది సార్, ఆడనే ఉంటాది. టీవీ మల్లా వస్తాదా?"

జూలై 11, గురువారం

తలుపు మళ్లీ పట్టేసింది. చెక్కించాను. వాన లేదు కానీ గాలిలో తేమ ఉంది.

ఆగస్టు 14, బుధవారం

రంగులు అయిపోయాయి. దూలం మీద రైలు బొమ్మ వేశారు. ఇంజను కిటికీ వైపు, చివరి డబ్బా తలుపు వైపు. కమ్మి కనబడే చోట పుట్టీ నింపి దాని మీద కూడా ఒక డబ్బా గీశారు. ఎక్కడ రాలిందో నాకే తెలియడం లేదు. పిల్లలు పడుకుని పైకి చూస్తూ డబ్బాలు లెక్కపెడుతున్నారు.

చాలా బాగుంది. నిజంగానే.

ఆగస్టు 21, బుధవారం

ఆఫీసు నుంచి ఫోను. మూడో గదికి ఈ ఏడు పని జరిగినట్లు నమోదయిందట. పని జరిగిన గదికి ఐదేళ్లు నిండేదాకా మళ్లీ వంతు రాదు. వరుస మారింది. 2030.

"అది రంగు సార్, పని కాదు" అన్నాను.

"రంగు పని కాదా? డబ్బు ఖర్చయిందా లేదా?"

"మా డబ్బు కాదు, గవర్నమెంటుదీ కాదు."

"ఎవరిదైనా గది అదే కదప్పా."

ఇప్పుడు ఒకటో తరగతిలో ఉన్నవాళ్లు 2030కి ఏడో తరగతికి వస్తారు. ఇరవై తొమ్మిదేళ్లు నిలబడిన గది ఇంకో ఆరేళ్లు నిలబడదా.

ఆగస్టు 22

నిలబడుతుంది.

సెప్టెంబర్ 2, సోమవారం

ప్రణాళికలో మొదటి ఏటి పని మొదలైంది. ఇంత త్వరగా వస్తుందని అనుకోలేదు. కాంట్రాక్టరు మనుషులు ఒకటి, రెండు గదుల పెంకులు దించేశారు. పెద్దపిల్లలు ముప్పై ఒక్కమందీ నాలుగో గదిలో, సుధామణి టీచరు దగ్గర. ఇరుకే. రెండు నెలల మాట.

సెప్టెంబర్ 12, గురువారం

కాంట్రాక్టరు వేరే పనికి పోయాడు. రెండో బిల్లు వస్తేనే తిరిగి వస్తాడట. పెంకులు లేని రెండు గదులు ఆకాశం చూస్తున్నాయి.

మూడో గది తలుపు ఇవాళ పిల్లలు లోపల ఉండగా పట్టేసింది. బయటి నుంచి నేను, మారక్క కలిసి తోస్తే తెరుచుకుంది. వడ్రంగి వచ్చి తలుపు పైఅంచు మీద వేలు పెట్టి చూశాడు. రెండుసార్లు చెక్కినందుకు అక్కడ పైగడియ పట్టీ దాకా కొయ్య పలచబడింది.

"సార్, తలుపు పెరగలా. చౌకట్టే దిగుతాండాది" అన్నాడు.

ఇంకొంచెం చెక్కమన్నాను.

సెప్టెంబర్ 15, ఆదివారం

నా భార్య మల్లికతో కలిసి మంగళవాడలో పెళ్లికి పోయాను. తిరిగి వస్తుంటే స్కూటరు మీద వెనక నుంచి అంటోంది. "ఎవరింటికి పోయినా పైకి సూస్తావేంది? పెండ్లోళ్లు ఫ్యాను తిరగడంలేదేమో అనుకొని ఇంకో ఫ్యాను తెచ్చి పెట్టినారు."

నేను గమనించలేదు.

సెప్టెంబర్ 18, బుధవారం

ఇంజనీరు వచ్చింది. శశి అని చిన్న వయసు, ఈ తాలూకా పిల్లే. పెంకుల గదుల కొలతలకు వచ్చింది. పని అయ్యాక మూడో గది ముందు నిలబడి తలుపు వైపు చాలాసేపు చూసింది. తర్వాత గోడ బయటి వైపు పోయి పైకి చూసింది.

"సార్, మిద్దె మీద గడ్డి మొలిచిందేమి?"

"మన్ను ఉంది కదమ్మా."

నిచ్చెన అడిగింది. పైకి ఎక్కి ఇనుప చువ్వ దించి కొలిచింది. నాలుగు చోట్ల దించింది. పైనుంచే అడిగింది. "ఎన్నేండ్ల నుంచి పోస్తాండారు?"

"పదమూడేళ్లు."

"పాతది తీసి కొత్తది పోస్తారా?"

తీయము. ఎవరూ తీయరు. మట్టిమిద్దెకు అయితే గోడలు రెండడుగుల మందం, దూలాలు వేపమానువి. ఆ లెక్క ఇక్కడికి తెచ్చాం. నాకు ఆ ఆలోచన ఎప్పుడూ రాలేదు. ఎస్సెస్సెల్సీ పాసయిన వాడికి, టీచర్ ట్రైనింగు అయిన వాడికి రావలసింది.

"పదమూడు అంగుళాలు" అంది దిగి వచ్చి. చేతులు తుడుచుకుంటూ ఉంది కానీ చేతులకు ఏమీ అంటుకోలేదు. "నిండు లారీలు రెండు తెచ్చి మిద్దె మీద నిలబెట్టినట్ల సార్. వాన తడిస్తే ఇంకా ఎక్కువ. కింద కమ్మి ఎట్లుండాదో తెల్దు, రంగు పూసేసినారు."

"నాలుగో గది?"

"దానికి నడిమధ్యలో దూలం కింద ఆసరాగా కంబం ఉండాది. దాని మీద కూడా తియ్యల్ల. ముందు ఇది."

ఏం చేయాలో చెప్పింది. గదిని మూసేయాలి. లోపల కొయ్యలు నిలబెట్టి దూలానికి ఆసరా ఇవ్వాలి. మన్ను రెండు పక్కల నుంచీ సమంగా, కొంచెం కొంచెంగా దించాలి. ఒకే పక్క దించకూడదు.

రాసి ఇమ్మన్నాను. నా ముఖం వైపు చూసింది. "రాస్తే రేపే గదిని లెక్కలోంచి తీసేస్తారు సార్. ఇప్పుడు మీకు ఉండేదే రెండు గదులు. నోటి మాటగా చెప్తాండాను. రాయమంటే రాస్తాను, మీరే చెప్పండి."

వద్దన్నాను.

సెప్టెంబర్ 19, గురువారం

మూడో గదికి తాళం వేశాను. నలి-కలి పిల్లలు వరండాలో. ఎందుకు సార్ అని అందరూ అడిగారు. టీవీ వైరింగు అని చెప్పాను.

సెప్టెంబర్ 26, గురువారం

నలుగురు పిల్లలు హొసకోట వ్యాను ఎక్కారు. నలి-కలి పంతొమ్మిది. వైరింగు అని ఇంకెన్నాళ్లు చెప్పగలను. బైలప్పకు నిజం చెప్పాను. శశి చెప్పిన లారీల లెక్క కూడా చెప్పాను.

ఆయన నవ్వాడు. "ఎవురు సార్, ఆ పిల్లా? నా మనవరాలికంటే రెండంగుళాలు పొడుగు. పదమూడేండ్లు కాసిన మన్ను ఇప్పుడు బరువైందా?"

మన్ను దించడానికి మనుషులు కావాలన్నాను. నవ్వు ఆపేశాడు. "ఆ మాట ఊర్లో అనొద్దు సార్."

ఎందుకో నాకు తెలుసు. ఇక్కడ మిద్దె మీద మన్ను పోయడమే ఉంది. దించేది ఒక్కప్పుడే, ఆ ఇంట్లో ఇక దీపం పెట్టేవాళ్లు లేరని ఇంటిని పాడుపెట్టేటప్పుడు.

అక్టోబర్ 7, సోమవారం

దసరా సెలవులు. దొడ్డన్నను కూలికి పిలిచాను. మిగతా వాళ్లు ఎవరూ రామన్నారు. దొడ్డన్న మాత్రం "నాది రేకుల ఇల్లు సార్. నాకు మిద్దే లేదు, నాకేం కీడు తగులుతాది?" అని గడ్డపార భుజాన వేసుకుని వచ్చాడు.

పైన మన్ను మన్నులా లేదు. పదమూడేళ్ల దిమ్మిస. గడ్డపార వేస్తే ఖంగుమంటోంది. ఆసరా కొయ్యలు దొరకలేదు. అవతలి అంచు దాకా పోవాలంటే మిద్దె నడిమీద నడవాలి. దొడ్డన్న రెండడుగులు వేసి వెనక్కి వచ్చేశాడు. "సార్, కింద డొల్లగా శబ్దం వస్తాండాది." అందుకని నిచ్చెన ఉన్న పక్కనే తవ్వి కిందికి తోశాం. మధ్యాహ్నానికి మూడో వంతు దిగింది.

ఒకే పక్క. తెలుసు. రేపు ఇంకో పక్క నిచ్చెన వేద్దామనుకున్నాం.

అప్పుడు కెంచమ్మ వచ్చింది. మన్ను కుప్ప చూసి కింద కూర్చుండిపోయింది. అరవలేదు. అరిచి ఉంటే బాగుండేది. "మా ఆయన, నేను మొదటి గంప మోసినాము సార్ దీనికి. బడికి దీపం పెట్టేవాళ్లు లేరా? యాభైమంది పిల్లోల్లు లేరా?" అంది.

అరగంటలో ఇరవై మంది చేరారు. దొడ్డన్న దిగి గడ్డపార తీసుకుని ఎటో పోయాడు. శశి చెప్పినదంతా చెప్పాను. లారీలు, అంగుళాలు. వాళ్లు విన్నారు. వెళ్లిపోయారు.

అక్టోబర్ 13, ఆదివారం

మారక్క ఫోను చేసింది. గొంతు సంతోషంగా ఉంది. "సార్, మీరు కంగారు పడొద్దండి. పొద్దునంతా ఊరోళ్లు కలిసి మన్నంతా తిరిగి ఎత్తేసినారు. ఇంకో ట్రాక్టరు కొత్త చౌడు కూడా తెచ్చినారు. కెంచమ్మవ్వ పైకెక్కి టెంకాయ కొట్టింది. ఎవురూ కూలి అడగలా."

సరే అన్నాను. ఇంకేమనాలి.

అక్టోబర్ 21, సోమవారం

బడి తెరిచాం. వాన.

తాళం తీయలేదు.

అక్టోబర్ 22, మంగళవారం

వాన. వరండాలోకి జల్లు కొడుతోంది. పిల్లలు గోడకు ఆనుకుని నిలబడ్డారు, బ్యాగులు తల మీద పెట్టుకుని. నాలుగో గదిలోకి పంపించాను. యాభై మంది. కూర్చోవడానికి లేదు. సుధామణి "ఊపిరాడటం లేదు సార్" అంది. ఒంటిగంటకు ఇళ్లకు పంపేశాను.

మూడో గది గోడకు చెవి పెట్టి విన్నాను. వాన శబ్దమే.

అక్టోబర్ 23, బుధవారం

ఇవాళ జరిగింది అంతా రాయాలి. వరుసగా రాయాలి.

తొమ్మిదిన్నరకు పదిహేను మంది తల్లిదండ్రులు వచ్చారు. గొడుగులు, గోనెసంచులు కప్పుకుని. ముందు బైలప్ప. అక్షత చెయ్యి పట్టుకుని ఉన్నాడు.

"తాళం తియ్యి సార్."

"తీయను."

"ఊర్లో బడి అని ఉండేదాంట్లో కారకుండా ఖాళీగా ఉండే గది అదొక్కటే. పిల్లోల్లను వానలో నిలబెట్టి, పొడి గదికి తాళం ఏసుకుంటాడా ఎవురైనా?"

ఎవరో వెనక నుంచి అన్నారు. "సారుకు వ్యానోళ్లు ఏమైనా ఇచ్చినారేమో." నవ్వారు.

తాళం చెవి నా జేబులో ఉంది. ఇంకొకటి మారక్క దగ్గర, ఊడ్చేదానికి ఉంచినది. ఆ సంగతి మరిచిపోయాను. బైలప్ప ఆమెను అడిగాడు. ఆమె నా వైపు చూసి, తల దించుకుని ఇచ్చేసింది.

తాళం వచ్చింది కానీ తలుపు రాలేదు. ఇద్దరు మగవాళ్లు భుజంతో తోశారు. లోపల చక్కగా ఉంది. రంగులు, టీవీ, పొడి నేల. జనం 'చూడు' అన్నట్లు నన్ను చూశారు. బైలప్ప మనవరాలి చెయ్యి వదిలి, ఒక ప్లాస్టిక్ కుర్చీ లాక్కుని దూలం కింద నడిమధ్యన వేసుకున్నాడు.

"ఇదో కూసున్నా. పడనీ."

"బైలప్పన్నా, ఇన్సూరెన్సు కట్టినావా?" అని ఒకడు.

"కట్టినా. నీ పేరు రాయలా, ఆశపడొద్దు."

మళ్లీ నవ్వు. నేను గడపలో నిలబడ్డాను. ఎవరినీ లోపలికి పోనివ్వలేదు. పది నిమిషాలు. అరగంట. గంట. ఏమీ కాలేదు. తల్లులు పిల్లల కాళ్లు తుడవడం మొదలుపెట్టారు, లోపలికి పంపడానికి. అక్షత నా చెయ్యి కింద నుంచి దూరబోతే పట్టుకున్నాను. "తాత ఉండాడు కదా సార్" అంది.

పిల్లను మారక్కకు అప్పగించి, తలుపుకు ఆమెనే అడ్డంగా నిలబెట్టి నేను లోపలికి పోయాను. బైలప్ప పక్కన నిలబడ్డాను. అప్పుడు వినబడింది. ఎండు కందికట్టె విరిచినట్లు, సన్నగా. ఆగింది. మళ్లీ. రైలు బొమ్మలో రెండు డబ్బాల నడుమ నుంచి సన్నని పొడి రాలుతోంది. ఆయన చొక్కా భుజం మీద తెల్లగా పడి ఉంది. తుడుచుకోలేదు.

పెదవులు కదపకుండా అన్నాడు. "నాకూ ఇనిపిస్తాండాది సార్."

"ఎప్పటి నుంచి?"

"కూసున్న కాడి నుంచి."

"లెయ్యి మరి."

"ఎట్ల లేసేది. అందరూ సూస్తాండారు."

కుర్చీ చేతిని పట్టుకున్న వేళ్లు చూశాను. గంటసేపు అట్లాగే కూర్చున్నాడు ఆ మనిషి. నేను బలవంతంగా లేపితే లేవడు. పడుతుంది పరుగెత్తండి అంటే జనం నవ్వి లోపలికి వస్తారు. ఏదో ఒకటి చేయాలి, అదీ వెంటనే.

గుమ్మం దగ్గరికి వచ్చి గట్టిగా చెప్పాను. "అధ్యక్షులు గెలిచినారు. నేను ఒప్పుకుంటున్నాను. అయితే తడి కాళ్లతో తొక్కితే కంపెనీ వాళ్ల రంగు పాడైపోతుందని అధ్యక్షులే ఒక మాట అన్నారు. వాన నిలిచేదాకా పిల్లలను వాళ్ల కొత్త ఇంటి హాల్లో కూర్చోబెట్టుకోమన్నారు. టీ, బిస్కట్లు కూడా వాళ్లవేనట."

వెంటనే ఎవరో "ఓహో, గ్రానైటు మీద బడి!" అన్నారు. బైలప్ప లేచాడు. మెల్లగానే లేచాడు. కుర్చీ కూడా ఎత్తుకుని వచ్చాడు. గడప దాటాక "నడవండ్రా పిల్లోల్లూ, సూస్తారేంది" అన్నాడు. గొంతు మామూలుగానే ఉంది. టైము చూశాను. పదకొండూ ఇరవై.

పంతొమ్మిది మందినీ తీసుకుని పోయాం. తలుపు దగ్గరకు లాగాను. పూర్తిగా రాలేదు. నాలుగో గదిని కూడా ఖాళీ చేయించాలనుకున్నాను. ముప్పై ఒక్కమందికి బైలప్ప హాల్లో చోటు లేదు. దానికి కంబం ఉంది. సుధామణితో, మూడో గది వైపు ఎవరినీ పంపొద్దని మాత్రం చెప్పాను.

రెండు నలభైకి మన్ను ట్రాక్టరు ఎత్తి దింపినట్లు శబ్దం. హాల్లో పిల్లలు తలెత్తారు. బైలప్ప తలెత్తలేదు.

నేను పోయేసరికి మూడో గదికి గోడలు నాలుగూ ఉన్నాయి, పైన ఏమీ లేదు. లోపల మన్నూ పెళ్లలూ కలిసి ఛాతీ ఎత్తు కుప్ప, దాని మీద వాన. సుధామణి ముప్పై ఒక్కమందినీ వానలో వరుసగా నిలబెట్టి లెక్క పెడుతోంది. అయిపోగానే మళ్లీ మొదటి నుంచి లెక్క పెడుతోంది. అందరూ ఉన్నారు. ఆమె తల, భుజాలు దుమ్ము.

కెంచమ్మ వచ్చింది. చాలాసేపు చూసింది. నా వైపు తిరిగి అంది. "మన్ను దించినావు. పడింది."

చుట్టూ ఉన్నవాళ్లు ఎవరూ కాదనలేదు.

అక్టోబర్ 25, శుక్రవారం

వాన నిలిచింది. నలి-కలి బైలప్ప హాల్లోనే. పెద్దపిల్లలకు సెలవు ఇచ్చాను. వ్యాను ఊర్లో రెండుసార్లు తిరిగిందట. విచారణకు సోమవారం వస్తారని ఫోను.

సాయంత్రం బైలప్ప కాఫీ తాగి పొమ్మన్నాడు. ఇద్దరమే. పిల్లలు పోయాక హాల్లో నేల మీద సుద్దముక్కలు పడి ఉన్నాయి.

"ఆ మన్ను తిరిగి ఎత్తించింది ఎవురని అడుగుతారు సార్" అన్నాడు.

"అడుగుతారు."

"కమిటీ అధ్యక్షుణ్ణి నేనే కదా."

నేను కాఫీ తాగాను.

"పిల్లోల్లు ఈడ ఎన్ని దినాలైనా ఉండనీ సార్. సంవత్సరం ఉండనీ. మా ఇంటిది కూడా ఏమీ అనలా" అన్నాడు.

అక్టోబర్ 28, సోమవారం

విచారణకు వచ్చిన ఆయన పెద్దమనిషి. నెమ్మదిగా అడిగాడు, నెమ్మదిగా రాసుకున్నాడు. మూడో గది పక్కన టార్పాలిను కింద టేబులు వేశాం. శశి రాలేదు. ఆమెను అడిగారా అంటే, ఆమె రాసి ఇచ్చినది ఏదైనా ఉందా అన్నాడు. లేదు. వద్దన్నది నేనే.

ఊరివాళ్లు చెప్పింది ఒకటే. పదమూడేళ్లు చుక్క కారలేదు, సారు మన్ను దించాడు, వారం తిరక్కముందే పడింది. వారం కాదు, పదహారు రోజులు. తిరిగి పోసిన మాట చెప్పారా అంటే చెప్పారు. "దించింది సర్దినాము" అని చెప్పారు.

బైలప్ప నిలబడి చెప్పాడు. "ఆ పొద్దు పదకొండూ ఇరవై దాకా నేను ఆ గదిలోనే కుర్చీ ఏసుకుని కూసున్నా సార్. ఏ శబ్దమూ లేదు. ఊరంతా సూసినారు."

ఆయన నా వైపు తిరిగాడు. "మీరు కూడా లోపలికి పోయినారట కదా. ఏమైనా విన్నారా?"

బైలప్ప ఇంటి వైపు నుంచి పంతొమ్మిది మంది కలిసి పద్యం చెప్పడం వినబడుతోంది. హాలు కాబట్టి గొంతులు మోగుతున్నాయి. బైలప్ప నన్ను చూడటం లేదు. కాలితో మన్ను గడ్డ ఒకటి నలుపుతున్నాడు.

వాన శబ్దం ఎక్కువగా ఉండింది అని చెప్పాను.

"అంటే వినలేదు."

"వినలేదు."

రాసుకున్నాడు. చదివి వినిపించాడు. అనుమతి లేకుండా మిద్దె మీది మన్ను కప్పును ఒక పక్క తొలగించినందువల్ల బరువు తేడా వచ్చి మూడో గది కూలింది. మన్ను కదిలించని నాలుగో గదికి ఏ నష్టమూ లేదు. దాన్ని వాడుకోవచ్చు. ప్రణాళికలో దాని వంతు ఆరో ఏడు, మార్చనక్కరలేదు. మూడో గది ఇప్పుడు లేదు కనుక రిపేరు జాబితా నుంచి తీసేయడమైనది.

ఆ గదికి కంబం ఉంది. శశి 'ముందు ఇది' అనే కదా అంది. నాలుగోది పడుతుందని అనలేదు. గోడలు బాగున్నాయి. నెమ్మదిగా, రెండు పక్కల నుంచీ, ఊరివాళ్లకు కోపం తగ్గాక, వచ్చే ఎండాకాలం దించవచ్చు.

సంతకం పెట్టాను.

ఆయన జీపు పోయాక చూస్తే సుధామణి నాలుగో గది బయట నిలబడి ఉంది. పెద్దపిల్లలు ముప్పై ఒక్కరూ బ్యాగులతో ఆమె వెనక. తలుపు తెరిచే ఉంది. ఆమె లోపలికి పోలేదు. కాగితంలో ఏముందో ఆమెకు అప్పటికే తెలుసు. కాగితం గురించి అడగలేదు.

"సార్, మీరు చెప్పండి. తీసుకుపోవచ్చా?" అంది.

"పోవచ్చు" అన్నాను.

ఆమె ఇంకొక్కసారి నా ముఖం చూసింది. తర్వాత చిన్నవాళ్లను ముందు, పొడుగువాళ్లను వెనక నిలబెట్టి లోపలికి తీసుకుపోయింది.